ఇసుక తిన్నెల మధ్య ఒక్క రాత్రి: నాన్నను జైసల్మేర్ తీసుకెళ్లాలి, దారి చెప్పండి

జడ్చర్ల_టీచరు
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో మా నాన్నను, పదేళ్ల మా బాబును జైసల్మేర్ తీసుకెళ్లాలనుకుంటున్నాను. కోట, హవేలీలు చూస్తే చూస్తాం, లేకపోతే లేదు. అసలు వెళ్లేది ఇసుక తిన్నెల మీద ఒక్క రాత్రి గడపడానికి.

నాన్నకు 69 ఏళ్లు. పాతికేళ్ల వయసులో మేస్త్రీ వెంట రాజస్థాన్ కాలువ మట్టి పనికి వెళ్లారు. ఆ తర్వాత 1984లో దానికి ఇందిరా గాంధీ కాలువ అని పేరు మార్చారు. పగలంతా తవ్విన చోట రాత్రి గాలికి ఇసుక నిండిపోయేదని, తెల్లవారి లేచి మళ్లీ అదే తవ్వేవాళ్లమని మా చిన్నప్పుడు చెప్పేవారు. ఆ రోజుల గురించి ఎప్పుడు మాట్లాడినా కష్టం కంటే ముందు ఆకాశం వచ్చేది ఆయన మాటల్లో. అమ్మ పోయాక ఆ ఊసు ఎక్కువైంది. మొన్న దసరాకు జమ్మి ఆకు చేతిలో పెడుతూ, "ఆ ఇసుకలో ఇంకొక్క రాత్రి పడుకోవాలని ఉంది బిడ్డా" అన్నారు.

ఆయనకు బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. చలికి తట్టుకోగలరా? ఒంటె ఎక్కించవచ్చా? తిన్నెలకు సమ్ అనే చోటు మంచిదా, ఖూరీ మంచిదా? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి.

మూసీ_ఒడ్డు
అక్కా, నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని వెంటనే రాస్తున్నాను. రెండేళ్ల కిందట మేం ఆరుగురం సమ్ వెళ్లాం. మేం దిగిన శిబిరం పేరు ఇక్కడ రాయను. ఫోటోల్లో చుట్టూ ఇసుకే ఉంది. తీరా వెళ్తే తారు రోడ్డు పక్కన ప్రహరీ కట్టిన ఆవరణ, అందులో వరుసగా గుడారాలు, నేలంతా సిమెంటు పలకలు. తిన్నె చూడాలంటే మళ్లీ జీపు ఎక్కాలి.

సాయంత్రం ఏడింటికి పెద్ద స్పీకర్లు మొదలయ్యాయి. మన పెళ్లి బరాతుల్లో వినే పాటలే. పక్క శిబిరంలో ఇంకో పాట, దాని పక్కన ఇంకొకటి. పన్నెండు దాటినా జనరేటరు ఆగలేదు. దీపాల వెలుగుకు ఆకాశం బూడిద రంగుకు తిరిగి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే కనిపించాయి. మా అమ్మ తలనొప్పితో గుడారంలోనే ఉండిపోయింది. మిర్యాలగూడ నుంచి అంత దూరం తీసుకెళ్లి ఆమెకు చూపించింది అదా అని నాకు ఇప్పటికీ బాధే.

డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి. గుడారం ఇసుక మీద ఉందా, రోడ్డు పక్కన ఉందా? పాటలు ఎన్నింటికి ఆపుతారు? దీపాలు ఆర్పమంటే ఆర్పుతారా? చుట్టూ తిప్పి జవాబు చెబితే వదిలేయండి.

నల్లమల_బాట
మూసీ_ఒడ్డు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మాది అచ్చంపేట. నేను రెండు చోట్లా ఉన్నాను.

సమ్ జైసల్మేర్‌కు పడమట నలభై కిలోమీటర్ల పైన ఉంటుంది. తిన్నెలు పెద్దవి, జనం కూడా ఎక్కువ. ఖూరీ నైరుతి దిక్కున ఉంది, దూరం దాదాపు అంతే. అది ఒక ఊరు. మట్టి గోడల ఇళ్లు, వాకిళ్లలో ముగ్గులు, ఊరు దాటితే తిన్నెలు. అవి సమ్ తిన్నెలంత ఎత్తు ఉండవు. అక్కడా శిబిరాలు పెరిగాయి గాని, ఊరివాళ్లే నడిపే చిన్నవి ఇంకా ఉన్నాయి. వాళ్లను అడిగితే గుడారం కూడా లేకుండా, దూరంగా ఒక తిన్నె దగ్గర నులక మంచాలు, పరుపులు, రజాయిలు వేసి వంట చేసి పెడతారు. మీ నాన్నగారు కోరుకునే రాత్రి అదే అనిపిస్తోంది. నా ఓటు ఖూరీకి.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. థార్ అంతా ఇసుక దిబ్బలే అనుకుని వెళ్లేవాళ్లు నిరాశపడతారు. దారిలో కనిపించేది చాలావరకు గులకరాతి నేల, ముళ్ల పొదలు, జిల్లేడు. ఎండాకాలంలో మన నారాయణపేట అవతల నేల ఎలా ఉంటుందో చాలాచోట్ల అలాగే ఉంటుంది.

ఫిజిక్సు_మాస్టారు_వనపర్తి
చలి సంగతి నేను చెబుతాను. జనవరిలో అక్కడ పగలు హాయిగా ఉంటుంది. రాత్రి ఏడెనిమిది డిగ్రీలకు దిగడం మామూలు, కొన్ని రాత్రులు ఇంకా కిందికి పోతుంది. మన పాలమూరులో పదిహేను డిగ్రీలకే మంకీ క్యాపులు తీస్తాం, అది గుర్తు పెట్టుకోండి.

పొడి ఇసుకలో గింజకూ గింజకూ మధ్య గాలి ఉంటుంది. అందువల్ల ఎండ వేడి పై పొర దాటి లోపలికి అంత తొందరగా దిగదు. పొద్దు కుంకగానే ఆ కాస్త పై పొర వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలిలో తేమ ఉంటే ఆ వేడిని కొంత ఆపుతుంది. అక్కడ తేమ తక్కువ, మబ్బు ఉండదు. మనకు ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడితే జైసల్మేర్‌కు రెండు వందలు కూడా గగనమే. అందుకే సాయంత్రం ఆరింటికి చొక్కాతో తిరిగినవాళ్లు ఎనిమిదింటికి వణికిపోతారు.

బీపీ ఉన్న పెద్దాయన కాబట్టి డాక్టరు గారిని ఒక్కసారి అడిగి బయల్దేరండి. తలకు, చెవులకు, పాదాలకు ఉన్ని తప్పనిసరి. అర్ధరాత్రి మూత్రానికి లేచినప్పుడు రజాయిలోంచి ఒక్కసారిగా చలిలోకి వెళ్లనివ్వకండి. కాసేపు కూర్చుని, ఒళ్లు కప్పుకుని లేవాలి. చెప్పుల్లో కాలు పెట్టేముందు టార్చి వేసి దులపాలి. చలికాలం తేళ్లు, పాములు పెద్దగా తిరగవు, అయినా ఆ అలవాటు మంచిది.

గొంగడి_భుజం
రజాయి ఎంత మంచిదిచ్చినా మీ నాన్నగారి గొంగడి మాత్రం ఇంట్లో వదిలి వెళ్లకండి, అక్కా. మా కురుమల ఇళ్లలో నల్ల గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి మంచును లోపలికి రానివ్వదు, గాలిని ఆపుతుంది. కింద పరిస్తే నేల చలి పైకి ఎక్కదు. మా తాత కార్తీకంలో మందతో బీళ్లలో పడుకున్నన్నాళ్లూ పైనొకటి, కిందొకటి, అంతే.

ఎడారి_నల్గొండ
దుబాయ్ నుంచి రాస్తున్నాను, మాది దేవరకొండ. పదకొండేళ్లుగా ఇక్కడే పని. సెలవు రోజున స్నేహితులు లహ్‌బాబ్ ఎర్ర తిన్నెలకు తీసుకెళ్లేవారు. జీపును తిన్నెల మీద ఎత్తి పడేయడం ఇక్కడ పెద్ద వేడుక. టైరులో గాలి సగానికి తగ్గిస్తారు. టైరు పరుచుకుని ఇసుకలో కూరుకుపోకుండా ఉంటుంది. సమ్‌లోనూ ఇదే నడుస్తోందని విన్నాను. టీచర్ గారూ, ఆ జీపు మాత్రం నాన్నగారిని ఎక్కించకండి. గట్టి నడుము ఉన్నవాడికే పట్టేస్తుంది.

నాకు ఇన్నేళ్లలో మిగిలింది జీపు కాదు. ఒకసారి బండి చెడిపోయి నలుగురం తెల్లవార్లూ ఇసుకలోనే ఉండిపోయాం. అంత నిశ్శబ్దం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆ రాత్రి మా ఊరి చెరువు కట్ట, మా నాన్న అన్నీ గుర్తొచ్చాయి. మీ నాన్నగారు ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థమైంది.

తుంగభద్ర_తీరం
పౌర్ణమికి వెళ్లండి. వెన్నెల్లో తిన్నెల అంచులు కత్తితో గీసినట్లు కనిపిస్తాయి. టార్చి అక్కర్లేదు. మాఘ పౌర్ణమికి అక్కడ మరు మహోత్సవం అనే ఎడారి ఉత్సవం కూడా ఉంటుంది.

నల్లమల_బాట
తిన్నెలు చూడాలంటే పౌర్ణమి, చుక్కలు చూడాలంటే అమావాస్య. పెద్దాయన మాట్లాడేది ఆకాశం గురించి. ఈసారి అమావాస్య సంక్రాంతి వెళ్లిన మూడు నాలుగు రోజులకే వస్తోంది. ఉత్సవం రోజుల్లో జనం విరగబడతారు, అప్పుడు వద్దే వద్దు.

తుంగభద్ర_తీరం
ఒప్పుకుంటున్నాను. అయితే ఒక విన్నపం. ఆ దారిలో డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది. బట్టమేక పిట్టకు మిగిలిన చివరి నెలవుల్లో అది ముఖ్యమైనది. మా అలంపురం నుంచి రోళ్లపాడు ఎంతో దూరం కాదు. ఆ గడ్డి బీళ్లలో బట్టమేక తిరిగేదని మా పెద్దలు చెబుతుంటే విన్నాను, నా కళ్లతో చూడలేదు. మనిషి నడుము దాకా వచ్చే పక్షి, ఒళ్లు బరువు. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న కరెంటు తీగలు దానికి సరిగా కనబడవు, కనబడినా తప్పుకోలేదు. తీగలు భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పే దాకా వచ్చింది వ్యవహారం. కాబట్టి దారి వదిలి బీళ్లలోకి బండి దించే డ్రైవర్లను ఆపండి. ఆ పక్షి నేల మీదే గుడ్డు పెడుతుంది.

మూసీ_ఒడ్డు
ఇది నాకు తెలియదు. మా జీపు అతను ఇష్టం వచ్చినట్టు తిప్పాడు. మేం వద్దని అనలేదు.

కిన్నెర_మెట్లు
స్పీకర్లు వద్దనడం సరే, పాట మాత్రం వద్దనకండి. అక్కడ మాంగణియార్లని తరతరాలుగా పాడే కుటుంబాలున్నాయి. వాళ్లు ముస్లింలు. హిందూ యజమానుల ఇళ్లలో పుట్టుకకు, పెళ్లికి పాడతారు, వాళ్ల వంశాల పేర్లన్నీ గుర్తుపెట్టుకుంటారు. కమాయిచా అని కమానుతో వాయించే తోలు బుర్ర వాద్యం ఉంటుంది. ఖర్తాల్ అంటే మన చిడతల వంటిది, చేతికి రెండు చొప్పున చెక్క పలకలు. మన నాగర్‌కర్నూల్ జిల్లా పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఎందరు పట్టించుకున్నారు? అక్కడి కళాకారులకూ ఈ శిబిరాలే నాలుగు నెలల కూడు. ఒకరిద్దరిని పిలిపించుకుని మైకు లేకుండా గంటసేపు పాడించుకోండి. డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి.

జడ్చర్ల_టీచరు
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఖూరీ అనుకున్నాం. కాచిగూడ నుంచి భగత్ కీ కోఠీ రైలుకు టిక్కెట్లు దొరికాయి. అది జోధ్‌పూర్ ఊళ్లోనే అట. అక్కడి నుంచి జైసల్మేర్‌కు ఇంకో రైలు. దాదాపు రెండు రోజులు రైల్లోనే, అయినా నాన్న విమానం వద్దన్నారు. ఆనాడు రైల్లోనే వెళ్లారట. వచ్చాక రాస్తాను.

నిర్వాహకులు
చర్చను తెరిచే ఉంచుతున్నాం. క్షేమంగా వెళ్లి రండి.

జడ్చర్ల_టీచరు
వచ్చి వారం అయింది. బడి మొదలై తీరిక దొరకలేదు. మీరు చెప్పినవన్నీ పనికొచ్చాయి కాబట్టి వివరంగానే రాస్తాను.

ఖూరీలో ఒక కుటుంబం నడిపే చోట దిగాం. నాన్నకు ఒంటె బండి కట్టించారు. బాబు మాత్రం ఒంటె ఎక్కాడు. అది మొదట వెనక కాళ్లు లేపుతుంది, మనిషి ముందుకు తూలిపోతాడు. "వెనక్కి వాలు, జీను వదలకు" అని నాన్న బండిలోంచి అరిచారు. నలభై ఏళ్ల కిందటి సంగతి ఆయనకు అంత బాగా గుర్తుంది.

తిన్నె దగ్గర నాన్న చెప్పులు విప్పేశారు. మోకాళ్ల నొప్పితో ఎలా ఎక్కుతారా అని నేను భయపడుతుంటే, నిటారుగా ఎక్కకుండా అంచు వెంబడి ఏటవాలుగా నడిచి నాకంటే ముందు పైకి చేరారు. గుప్పెడు ఇసుక తీసి వదిలి గాలి చూశారు. "ఈ చలి గాలి దీన్ని ఏం చేయలేదు. ఎండాకాలం గాలి అదిగో అటు నుంచి వచ్చేది. అదే అంతా మోసుకొచ్చి మా కాలువలో పోసేది" అని నైరుతి వైపు చేయి చూపించారు. ఆ వైపు వాలు మెత్తగా ఉంది, అవతలి వైపు జారుడుగా ఉంది. బాబు ఆ జారుడు మీద సాయంత్రమంతా దొర్లాడు.

సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం, పప్పు, ఇంకా ఒక ఎండు కాయల కూర పెట్టారు. రొట్టె తుంచగానే నాన్న నవ్వారు. తర్వాత ఇద్దరు వచ్చి మైకు లేకుండా పాడారు. కమాయిచా గొంతు కొంచెం బొంగురుగా, ముసలి మనిషి పిలిచినట్లు ఉంది. భాష తెలియకపోయినా నాన్న తల ఊపుతూనే ఉన్నారు. ఎనిమిదిన్నరకు లాంతర్లు ఆర్పేశారు.

అప్పుడు జరిగింది చెప్పాలి. మంచం వేసి ఉంది, పరుపు ఉంది. నాన్న దాని మీద పడుకోలేదు. వంగి, రెండు చేతులతో పై ఇసుక పక్కకు తోశారు. జానెడు లోతున మనిషి పట్టేంత పొడవు. బాబును పిలిచి, "చేయి పెట్టి చూడు" అన్నారు. బాబు పైన చేయి పెట్టాడు, మంచుగడ్డలా ఉంది. లోపల మోచేతి దాకా దూర్చాడు. "అమ్మా, లోపల వెచ్చగా ఉంది" అని కేక వేశాడు. నేనూ పెట్టి చూశాను. పొయ్యి ఆరిన తర్వాత బూడిద ఎలా ఉంటుందో అలా కాదు, అంతకంటే తక్కువ వెచ్చదనం. పశువు పడుకుని లేచిన చోటు ఎలా ఉంటుందో అలా ఉంది. పనిలో చేరిన మొదటి చలికాలం కప్పుకోవడానికి ఒక్క దుప్పటే ఉండేదట. అక్కడి ఒంటెలవాళ్లను చూసి ఇది నేర్చుకున్నారట. ఇన్నేళ్లలో ఇది మాకు ఎన్నడూ చెప్పలేదు. అందులో గొంగడి పరిచి, ఇంకో గొంగడి, దాని మీద రజాయి కప్పుకుని పడుకున్నారు. కాసేపటికి మేమిద్దరం కూడా మంచాలు వదిలి ఆయన పక్కనే చేరాం.

ఆకాశం గురించి ఎంత రాసినా తక్కువే. తొమ్మిది దాటేసరికి పిల్లల కోడి చుక్కల గుంపు సరిగ్గా నెత్తిమీద ఉంది. అది పడమట కుంకే వేళకు లేచి ముఠా అందరికీ రొట్టెలు చేసేవాళ్లట. గడియారం మేస్త్రీకి ఒక్కడికే ఉండేదట. ధ్రువ నక్షత్రం మన దగ్గర కంటే పైన ఉందని కూడా ఆయనే చూపించారు. దీపాలు ఆరాక వినిపించింది ఒంటె నెమరు ఒక్కటే. అప్పుడప్పుడు మెడ కదిపితే చిన్న గంట.

మర్నాడు సూర్యుడు ఏడున్నరకు గాని రాలేదు. తిన్నె మీద రాత్రి తిరిగిన పురుగుల అడుగులు కుట్టుపనిలా ఉన్నాయి. బాబు ఒక్కటి కూడా తొక్కకుండా పక్కనుంచి నడిచాడు.

ఆ రోజే కారు మాట్లాడుకుని మోహన్‌గఢ్ వైపు కాలువ చివరికి వెళ్లాం. నాన్న పనిచేసింది ఇంకా ఎగువన, బికనేర్ వైపు. అయినా కాలువ అదే. ముఖం కడుక్కున్నారు. పక్క పొలంలో రైతును పిలిచి, ఏం పంట, ఎకరాకు ఎంత వస్తుంది, ధర ఎంత అని నా చేత హిందీలో అడిగించారు. ఆవాలు, జీలకర్ర అన్నాడాయన. నాన్న రెండు జీలకర్ర పువ్వులు తుంచి జేబులో వేసుకున్నారు.

ఫిజిక్సు_మాస్టారు_వనపర్తి
అమ్మా, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను గాని ఇసుక లోపలి పొర రాత్రి వెచ్చగా ఉంటుందని చేయి పెట్టి చూడమని ఒక్క పిల్లవాడికీ చెప్పలేదు. రేపు మా మనవణ్ణి వాగు ఇసుకకు తీసుకెళ్తాను. ధ్రువ నక్షత్రం మాట కూడా నిజమే. మహబూబ్‌నగర్ దాదాపు 17 డిగ్రీల అక్షాంశం, జైసల్మేర్ దాదాపు 27. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఎంత వెడల్పో అంత పైకి కనిపిస్తుంది. అది కొలవకుండా కనిపెట్టిన కళ్లు మీ నాన్నగారివి.

ఎడారి_నల్గొండ
చదివి ఇంటికి ఫోన్ చేశాను. నాన్నతో గంట మాట్లాడాను.

గొంగడి_భుజం
ఆ ఎండు కాయల కూర ఏమిటక్కా?

జడ్చర్ల_టీచరు
సాంగ్రీ అన్నారు. అదీ నాకు పెద్ద ఆశ్చర్యమే. అక్కడ ఖేజ్డీ అనే చెట్టు కాయలు. ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే నాన్న ఆకు పట్టుకుని "ఇది మన జమ్మి కదా" అన్నారు. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదే చెట్టు.

నల్లమల_బాట
1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో ఆ చెట్లను కొట్టనివ్వకుండా కౌగిలించుకుని బిష్ణోయీ అనే పంథావాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. మొదట నిలబడింది అమృతా దేవి. మనం పాండవుల ఆయుధాల కథతో మొక్కుతాం, వాళ్లు ఆ చెట్టు నీడన, దాని కాయ తింటూ బతుకుతూ మొక్కుతారు.

గొంగడి_భుజం
వండే పద్ధతి రాయండి.

జడ్చర్ల_టీచరు
పావు కిలో కొని తెచ్చాను, నిన్ననే వండాను. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి, లేకపోతే ఇసుక తగులుతుంది. మెత్తబడేదాకా ఉడికించి వార్చాలి. నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేసి, కాయలు వేసి, పసుపు, కారం, ధనియాల పొడి, చివర కొంచెం పెరుగు. అక్కడ కేర్ అనే పొద కాయలు కూడా కలుపుతారు, నాకు దొరకలేదు. జొన్న రొట్టెతో తిన్నాం.

మా పొలం గట్టు మీద జమ్మి ఉంది. వేసవి మొదట్లో లేత కాయలు వస్తాయి, మేకలు తినడమే ఇన్నాళ్లూ చూశాం. ఈసారి నాన్న నిచ్చెన బాగు చేయించి పెట్టారు.